నల్లతెర గురువుగారు

హైటెక్ సిటీలో ఏ సాఫ్ట్‌వేర్ ఆఫీసుకైనా వెళ్లండి. కిటికీ పక్కన సీటు ఇస్తామన్నా వద్దని, గోడ మూల చీకట్లో సీటు అడిగి తీసుకున్న పెద్దమనిషి ఒకరు కనబడతారు. వెలుతురు పడితే నల్లతెర మీద ఆకుపచ్చ అక్షరాలు ఆనవట. అసలు పేరు హెచ్‌ఆర్ వాళ్లకి తెలుసేమో, మిగతా అందరికీ గురువుగారే. ఆయన బల్ల మీద మౌసు కూడా ఉంటుంది. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా ఆపుతూ ఉంటుంది.

ఆయన ఇంటర్నెట్టు చూసేది లింక్స్ బ్రౌజర్లో. బొమ్మలు లేవు, వీడియోలు లేవు, జావాస్క్రిప్టు ఊసే లేదు. అన్నీ అక్షరాలే. కుడి బాణం నొక్కితే లింకు లోపలికి, ఎడమ బాణం నొక్కితే వెనక్కి. 1992లో అమెరికాలో కాన్సస్ యూనివర్సిటీలో పుట్టిన సరుకు, ఇంకా కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి. దాన్ని రాసినవాళ్లలో ఒకడైన లూ మాంటుల్లి తరవాత నెట్‌స్కేప్‌లో చేరి కుకీలు కనిపెట్టాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు గురువుగారి గొంతు పూడుకుపోతుంది. చేతికందొచ్చిన కుర్రాడు అలా అయిపోయాడని బాధ.

తెలుగు వార్తలూ అందులోనే చదువుతారు. ‘ముఖ్యమంత్రి’లో ఒత్తులు చెరో దిక్కుకీ పోయినా ఆయన చలించరు. “అలవాటు పడాలోయ్” అంటారు.

ఇంతవరకూ ఎవరికీ ఇబ్బంది లేదు. ఫైలు దగ్గరే వస్తుంది తంటా.

పాపం, కొత్తగా చేరిన కుర్రాడు. “సార్, ఈ లీవు పాలసీ పీడీఎఫ్ ఒక్కసారి చూసి ఓకే అనేస్తే లంచ్‌లోపు పంపించేస్తాను” అని లింకు ఇచ్చాడు. గురువుగారు ఎంటర్ కొట్టారు. తెర అడుగున ఒక లైను వెలిగింది: ఈ ఫైలుని ఈ టెర్మినల్ మీద చూపించలేను, డి నొక్కితే డౌన్‌లోడు, సి నొక్కితే క్యాన్సిలు. మీరూ నేనూ అయితే డి నొక్కి, ఫైలు దించుకుని, చదివి, భోజనానికి వెళ్లిపోతాం. ఆయన కుర్చీ వెనక్కి జరిపి, కళ్లజోడు తుడుచుకున్నారు.

“చూశావుటోయ్! దీనికి పీడీఎఫ్ అంటే ఏమిటో తెలీదు. నేర్పాలి. కూర్చో.”

కుర్రాడు కూర్చున్నాడు. అదీ వాడు చేసిన పొరపాటు.

లింక్స్ డాట్ సీఎఫ్‌జీ అని వేల లైన్ల ఫైలు ఒకటుంది. అందులో చాలా భాగం హాష్ గుర్తుతో మొదలయ్యే వివరణలే. గురువుగారు వాటిని పారాయణం చేస్తారు. సఫిక్స్ అని రాసి, కోలన్ పెట్టి, డాట్ పీడీఎఫ్, మళ్లీ కోలన్, అప్లికేషన్ స్లాష్ పీడీఎఫ్ అని కొట్టారు. తోక ఇదైతే జాతి ఇది అని చెప్పడమన్నమాట. ఆ జాతి ఫైలు వస్తే ఏ ప్రోగ్రాము తెరవాలో మెయిల్‌క్యాప్ అనే ఇంకో ఫైల్లో రాయాలి. పీడీఎఫ్‌ని మామూలు అక్షరాలుగా మార్చే పీడీఎఫ్‌టుటెక్స్ట్‌ని అక్కడ కాపలా పెట్టారు.

మెయిల్‌క్యాప్ పేరెత్తాక చరిత్ర రాకుండా ఉంటుందా? “1992 మార్చిలో నథానియల్ బోరెన్‌స్టీన్ ఈమెయిలుకి ఫొటో, పాట జతచేసి పంపాడు. ఎవరి పాటనుకున్నావ్? తనూ ఇంకో ముగ్గురూ కలిసి పాడిందే! ఏ జాతి ఫైలో పైన రాసి పంపే ఈ మైమ్ టైపులన్నీ అక్కణ్ణుంచి వచ్చినవే.” కుర్రాడు గడియారం చూసుకున్నాడు. క్యాంటీన్లో సాంబారు అడుగంటే వేళయింది.

లింక్స్ మూసి మళ్లీ తెరిచారు. ఎంటర్. మళ్లీ అదే లైను.

గురువుగారి మొహంలో ఆనందం చూడాలి. ఒక్కసారికే పనయిపోతే ఆయనకి నిద్రపట్టదు. హెడ్, డంప్ అని రెండు ఆప్షన్లు తగిలించి సర్వరు పంపిన హెడర్లు బయటికి లాగారు. కంటెంట్ టైప్ దగ్గర అప్లికేషన్ స్లాష్ ఆక్టెట్-స్ట్రీమ్ అని ఉంది. అంటే ఏవో కొన్ని బైట్లు, అంతే. అబ్బాయి ఏం చేస్తుంటాడయ్యా అంటే “ఏదో చేస్తుంటాడు లెండి” అన్న పెళ్లిళ్ల పేరయ్య మాట. మన సఫిక్స్ లైను మన డిస్కులో ఉన్న ఫైళ్లకీ, ఎఫ్‌టీపీలో వచ్చేవాటికీ పనికొస్తుంది. వెబ్ సర్వరు తన నోటితో జాతి చెప్పాక, లింక్స్ దాని మాటే వింటుంది. దొంగ దొరికాడు!

ఇక్కడ ఆయన పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం. తోకని నమ్మకూడదన్నది ఆయన సిద్ధాంతం, అది నూటికి నూరుపాళ్లూ నిజం. విండోస్ తనకి తెలిసిన తోకల్ని మామూలుగా దాచేస్తుంది. ‘బిల్లు డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ’ అని వచ్చిన వైరస్ ‘బిల్లు డాట్ పీడీఎఫ్’ అని బుద్ధిమంతుడిలా కనబడుతుంది. మనం నొక్కుతాం. గురువుగారు ముందు ఫైల్ అనే కమాండుతో మొదటి బైట్లు చూస్తారు. పర్సెంటు గుర్తూ, వెంటనే పీడీఎఫ్ అన్న అక్షరాలూ ఉన్నాయా, లేవా? ఆఫీసంతా వైరస్ బారిన పడినా ఆయన మిషను చెక్కుచెదరదు. ఆయన్ని చూసి నవ్వేవాళ్లం ఆ మాట ఒప్పుకోం, అంతే.

సరే, డి నొక్కి ఫైలు దించి, ఫైల్ కమాండు కొడితే పీడీఎఫ్ డాక్యుమెంటని వచ్చింది. “నేను చెప్పలా!” అన్నారు. ఎవరూ కాదనలేదు. చదివారా? లేదు. ముందు సర్వరు చూసుకునే వాళ్లకి, కంటెంట్ టైపు సరిదిద్దమని, ఏ లైను ఎక్కడ చేర్చాలో కూడా రాస్తూ, పెద్ద మెయిలు పెట్టారు. అక్షరాలు మాత్రమే. సంతకం కింద గీతలూ చుక్కలతో వేసిన ఆవు బొమ్మ.

వాళ్లు సరిదిద్దేనాటికి లీవు పాలసీ మారింది. కొత్తది వర్డ్ ఫైలుగా వచ్చింది. దాని మొదటి రెండు బైట్లు పీ, కే. అంటే లోపల ఉన్నది జిప్ ఫైలు. డాక్ఎక్స్ అన్నది పైకి పెట్టుకున్న పేరే. ఈ విషయం గురువుగారికి ముందే తెలుసు. కుర్రాడికి తెలీదు. “కూర్చో” అన్నారు.

మీ ఆఫీసులోనూ ఇలాంటాయన ఉంటే, సంతకం కావలసినప్పుడు లింకు పంపకండి, ఫైలూ పంపకండి. ప్రింటు తీసి పట్టుకెళ్లండి. అది కూడా మీరు భోంచేశాక.