నేను, చేతక్‌ని

నన్ను బుక్ చేసేనాటికి మాస్టారికి ఇంకా పెళ్లి కాలేదు. నేను రాజమండ్రి చేరేసరికి పెద్దమ్మాయి బడికెళ్తోంది. అప్పట్లో అదేం వింత కాదు. ఏ కంపెనీ ఎన్ని బళ్లు చెయ్యాలో ప్రభుత్వ లైసెన్సు తేల్చేది. కావలసినవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. కొందరు పదేళ్లు కాచుకున్నారు. విదేశీ మారకంలో డబ్బు కట్టగలిగితే మాత్రం బండి త్వరగా చేతికొచ్చేది. మాస్టారికి గల్ఫ్‌లో చుట్టాలు లేరు.

మా పుట్టిల్లు పుణె దగ్గర ఆకుర్డి. 1972లో బజాజ్ వారు మా వరసకి రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టారు. ఒళ్లు ఇటలీ వెస్పా పోలిక: విడిగా ఫ్రేమంటూ లేదు, ఉక్కు రేకే బరువంతా మోస్తుంది. ఇంజను కుడిపక్కన ఉంటుంది కాబట్టి నా తూకం ఎప్పుడూ అటే. కొత్తగా ఎక్కినవాళ్లు తడబడతారు. కానీ అమ్మగారు చీర కుచ్చిళ్లు సర్దుకుని, కాళ్లు ఎడమపక్కకి పెట్టి వెనక కూర్చుంటే చాలా మటుకు సరిపోయేది. చంటివాడు ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకునేవాడు, పెద్దమ్మాయి ఇద్దరి మధ్యా ఇరుక్కునేది. సైకిలుండగా మాస్టారు ఒక్కరే ఊరు తిరిగేవారు. నేనొచ్చాకే ఆ నలుగురూ కలిసి పెళ్లిళ్లకీ, సెకండ్ షోలకీ బయల్దేరారు. నాకు అన్నిటికన్నా గర్వం అదే.

కాళ్లు పెట్టుకునే చోట ఎన్ని మోశానో! బియ్యం బస్తా, అమ్మగారి పుట్టింటినుంచొచ్చిన కొబ్బరికాయలు, గ్యాసు బండ. బండలో గ్యాసే 14.2 కిలోలు, ఖాళీ ఇనుము ఇంచుమించు మరో అంత.

రోజూ కొవ్వూరు బడికి వెళ్లేవాళ్లం. 1974లో తెరిచిన రోడ్డు కం రైలు వంతెన మీద పైన మేము, కింద రైలు. గూడ్సు వచ్చిందంటే ఆ అదురు నా చక్రాల్లోంచి మాస్టారి మోచేతుల దాకా ఎక్కేది. వేసవిలో గోదావరి గాలి అడ్డంగా కొడితే ఆయన మూడో గేరులోకి దించి, ఎడమకి కాస్త ఒరిగి కూర్చునేవారు. నా బరువు ఎటు లాగుతుందో ఆయన నడుముకి తెలుసు.

నాది టూ స్ట్రోక్ ఇంజను. లీటరు పెట్రోలుకి ఇరవై మిల్లీలీటర్ల ఆయిలు కలపాలి. బంకులో పోయించాక నన్ను అటూ ఇటూ ఊపితేగాని కలవదు. ఆ ఆయిలే ప్లగ్గు మీద మసిగా పేరుకుంటుంది. అమ్మగారు పాత చీరముక్క తెచ్చిచ్చేవారు. మాస్టారు కుడివైపు మూత తీసి, ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, సందులో మసి ఊదేసి మళ్లీ బిగించేవారు. డిక్కీలో అదనంగా ఒక ప్లగ్గు, క్లచ్ వైరు, గేరు వైరు ఎప్పుడూ ఉండేవి. పంక్చరైతే వెనక స్టెప్నీ ఉంది. నా రెండు చక్రాలూ ఒకే కొలత, అదే ఎటైనా పడుతుంది.

పెద్దమ్మాయి బండి నేర్చుకున్నది నా మీదే, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో. వీధిలో ఒకాయన "ఆడపిల్లకి గేర్ల బండేంటండీ, గేర్లు లేనివొచ్చాయిగా" అన్నారు. మాస్టారు జవాబివ్వలేదు. "క్లచ్ పూర్తిగా నొక్కు తల్లీ, అప్పుడు పిడి తిప్పు" అంటూ పక్కనే పరుగెత్తారు. ఒకటికీ రెండుకీ మధ్య ఉన్న న్యూట్రల్ దొరక్క ఎన్నిసార్లు నన్ను ఆపేసిందో! తర్వాత ఓ సాయంత్రం తనే నన్ను కిక్కు కొట్టి, తల్లిని వెనకెక్కించుకుని కోటిపల్లి బస్టాండు దాకా తీసుకెళ్లింది. "మెల్లిగానే, మెల్లిగానే" అంటూనే అమ్మగారు దారంతా నవ్వుతున్నారు.

స్కూటర్ల తయారీ మానేస్తామని 2009లో కంపెనీ చెప్పింది. 2020లో మా పేరుతో కరెంటు బండి వచ్చింది. అది మోత చెయ్యదు, పొగ వదలదు. పొగ విషయంలో నాకంటే అదే మేలు, ఒప్పుకుంటాను.

మాస్టారు పోయాక అమ్మాయి నన్ను పాత ఇనుముకి వేయనివ్వలేదు, రిజిస్ట్రేషను మళ్లీ చేయించింది. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, నా పాత రబ్బరు గొట్టాలకి అది పడదు. పోయిన వారం మెకానిక్కు "కొత్త గొట్టం వేశానమ్మా, బండి కదపకుండా ఉంచేటట్టైతే ట్యాంకు ఖాళీ చేసెయ్యండి" అన్నాడు. "ఖాళీ ఎందుకు, రేపు కొవ్వూరు వెళ్లాలి" అంది అమ్మాయి.