కంగ్టి దాకా వచ్చే కారు

మీది సంగారెడ్డి జిల్లాలోని మా కంగ్టో, చుట్టుపక్కల తండానో అయి, పటాన్‌చెరు వైపు ఏదో కంపెనీలో ఉద్యోగం చేస్తుంటే ఒకరోజు మీ ముందు కాగితం పెడతారు. కంపెనీ కారు తీసుకుంటారా, సొంత కారు పెట్టుకుని ఖర్చులు రాసుకుంటారా అని అడుగుతారు. ఆ కాగితాన్ని ఆఫీసులో చదవకండి. క్యాలిక్యులేటర్ తెరవకండి. మడిచి జేబులో పెట్టుకుని, ఆదివారం ఇంటికి తీసుకెళ్లి, అమ్మ పక్కన కూర్చుని పైకి చదవండి. ఎక్కడ ఆమె "గట్లెట్ల?" అంటుందో అక్కడ ఆగండి. నా కాగితంలో ఆ మాట మూడో షరతు దగ్గరే వచ్చింది. ఉద్యోగి తప్ప ఇంకెవరూ బండి నడపకూడదట. "మరి తమ్ముడు?" అంది అమ్మ.

నా సలహా ఒక్కటే. సొంత కారు తీసుకోండి. మా అకౌంట్స్ సార్ ఇది ముమ్మాటికీ తప్పు సలహా అన్నాడు. ఆయన లెక్క ముందుగా మీకు చెప్పడం న్యాయం, ఎందుకంటే లెక్క నా వైపు లేదు.

నేను తేల్చుకోవాల్సి వచ్చింది 2023-24లో. 1962 నాటి ఆదాయపు పన్ను నియమాల్లో మూడో నియమం అప్పుడు ఇలా ఉండేది. కారు కంపెనీది, డీజిల్, సర్వీసింగు అన్నీ కంపెనీవే, దాన్ని ఆఫీసు పనికీ ఇంటి పనికీ వాడుకుంటున్నాం అనుకోండి. ఇంజిన్ 1.6 లీటర్ల లోపైతే నెలకు 1,800 రూపాయలు, దాటితే 2,400 మన జీతంలో కలిపి చూపిస్తారు. డ్రైవరుంటే ఇంకో 900. ఇంటి పనికి తిరిగిన ఖర్చు మనమే పెట్టుకుంటే 1,800 కాస్తా 600 అవుతుంది, 2,400 కాస్తా 900. ఇదంతా ఫారం 12బీఏలో కనిపిస్తుంది. చిన్న ఇంజిన్ కారుకు ఏడాదికి 21,600 అయింది కదా, 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు వేస్తే 6,739 రూపాయలు. అంటే నెలకు 562. అదే సొంత కారుకు ఆరు లక్షల లోను 9 శాతం వడ్డీకి ఐదేళ్లు తీసుకుంటే నెల కిస్తీయే 12,455. డీజిల్, ఇన్సూరెన్సు, టైర్లు వేరే. పైగా ఇన్సూరెన్సు వాళ్ల పట్టిక ప్రకారం ఐదేళ్లు నిండేసరికి కారు విలువ సగం అయిపోతుంది.

ఈ 1,800, 2,400 అంకెలకు ఒక కథ ఉంది. 2005లో ఆర్థిక మంత్రి చిదంబరం ఫ్రింజ్ బెనిఫిట్ టాక్స్ తెచ్చినప్పుడు ఇలాంటి సౌకర్యాల మీద పన్ను కంపెనీయే కట్టేది. 2009 బడ్జెట్‌లో ప్రణబ్ ముఖర్జీ దాన్ని ఎత్తేశాక ఆ భారం మళ్లీ ఉద్యోగి జీతం మీదికి వచ్చింది. అప్పుడు పెట్టిన అంకెలే ఏళ్ల తరబడి కదలలేదు. డీజిల్ ధర ఎక్కడికో పోయింది, ఇవి మాత్రం అక్కడే నిలబడ్డాయి. అందుకే జీతం ఎక్కువున్న వాళ్లు కంపెనీ కారు వైపు మొగ్గేవారు. జీతంలోంచి లీజు అద్దె కోసుకుంటే, ఆ కోసిన డబ్బు మీద పన్ను పడేది కాదు, ఆ 1,800 మీదే పడేది. సార్ చెప్పిన దాంట్లో ఒక్క అంకె కూడా తప్పు లేదు. అయినా వద్దు.

ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే ఒక వానాకాలం రాత్రి గురించి చెప్పాలి.

అంతకుముందు ఉద్యోగంలో నాకు కంపెనీ కారే ఉండేది. తెల్లటి కారు, బాగుండేది. శనివారం రాత్రి కంగ్టి వచ్చి పడుకున్నాను. ఒంటిగంట దాటాక చిన్నాయన తలుపు కొట్టాడు. చెల్లెకు నొప్పులు మొదలయ్యాయి. 108కి ఫోను చేశారు, బండి వేరే కేసు మీద దూరంలో ఉంది. చెల్లె అత్తగారిల్లు ఊరికి అవతల, తారు రోడ్డు దిగి పోవాలి. మాది నల్లరేగడి. వానపడ్డ రేగడి మీద నడిచినవాళ్లకు తెలుసు, చెప్పు వదలదు. కారుదీ అదే గతి. ముందు చక్రాలు తిరిగిన కొద్దీ మట్టి మడ్‌గార్డు లోపలికి ఎక్కి, చక్రానికీ రేకుకీ మధ్య సందు లేకుండా మెత్తేసింది. బండి నిలిచిపోయింది. ట్రాక్టరు తెచ్చి తాడు కట్టి లాగారు. కొక్కెం ఎక్కడ తగిలించాలో చీకట్లో ఎవరికీ తెలియలేదు, బంపర్ పగిలింది. తెల్లారేలోపు నారాయణఖేడ్ ఏరియా ఆసుపత్రికి చేరాం. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం.

మంగళవారం నాకు ఒక లెటరొచ్చింది. తారు రోడ్డు దిగి బండి ఎందుకు పోయింది, ఆ వేళప్పుడు ఎందుకు నడిపారు, బంపరుకయిన డబ్బు జీతంలో పట్టుకుంటున్నాం అని. డబ్బు ఇచ్చాను. పగలగొట్టింది మనమే, ఇవ్వాల్సిందే. కానీ ఆ లెటర్లో మా చెల్లెకు ఒక పేరు పెట్టారు. అనధికార ప్రయాణికురాలు. ఆ మాట చదివి నేను రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పుట్టి పెరిగిన ఊళ్లో, అన్న కారులో, నొప్పులు పడుతూ కూర్చున్న పిల్లకు అధికారం లేదట. ఆ రోజే అనుకున్నాను, ఎవరినైనా ఎక్కించుకోవడానికి పర్మిషన్ అక్కర్లేని బండి ఉండాలని. నెలకు 562కు ఆ బండి దొరకదు. పన్నెండు వేలకు దొరుకుతుంది. ఆ తేడా పెట్టుకోండి.

ఇక బండి సంగతి. మైలేజీ చూడకండి. షోరూముకు పోయేటప్పుడు మోకాళ్ల నొప్పులున్న మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి. అమ్మ అయితే మంచిది. వెనక సీట్లో ఎక్కి దిగమనండి. చేత్తో తలుపు పట్టుకుని, ఎవరి సాయం లేకుండా దిగగలిగితే ఆ బండి పనికొస్తుంది. తరువాత వంగి కింద చూడండి, నేలకూ బండికీ మధ్య ఎంత ఎత్తుందో. లాగే కొక్కెం ఎక్కడుంటుందో సేల్స్ అబ్బాయిని అడిగి, మీ చేత్తో ఒకసారి బిగించి చూడండి. నేను బొలెరో తీసుకున్నాను. ఇంజిన్ 1,493 సీసీ, వెనక చక్రాలు నెట్టే బండి, ఏడుగురు కూర్చుంటారు. పట్నంలో పార్కింగు కష్టం, సిగ్నళ్ల దగ్గర నాజూకుగా ఉండదు. ఉండనివ్వండి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,500 సీసీ లోపు డీజిలు బండ్లకు 28 శాతం జీఎస్టీ, 3 శాతం సెస్సు పోయి 18 శాతానికి దిగింది. ఇప్పుడు కొనేవాళ్లకు ఆ మేరకు నాకన్నా మేలు.

"మూడేళ్లు వాడుకుంటే కంపెనీయే చవగ్గా అమ్ముతుంది, అప్పుడు కొనుక్కో" అంటారు. ఎనిమిది లక్షల కారు అనుకోండి. నేను చూసిన నియమం ప్రకారం ఏటా 20 శాతం చొప్పున తగ్గించుకుంటూ పోతే మూడేళ్లకు 4,09,600. మీకు మూడు లక్షలకిస్తే మిగతా 1,09,600 మళ్లీ మీ జీతమే, మళ్లీ పన్నే. అదైనా భరించవచ్చు. కానీ ఆ మూడేళ్లలో వచ్చే వానాకాలాలు మూడు. వాటి సంగతేంటి?

ఇన్సూరెన్సు దగ్గర మాత్రం ఒక్క రూపాయి మిగుల్చుకోవద్దు, ఇక్కడ నా మొండితనం ఏమీ లేదు. బండి మీ పేరు మీద ఉంటే, దాన్ని మీరే నడుపుతుంటే, యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరిగా ఉంటుంది. బండి కంపెనీ పేరు మీద ఉంటే ఆ పాలసీలో ఆ కవరు రాదు, కంపెనీకి ప్రాణం లేదు కదా. క్లెయిము లేని ఏళ్లకు వచ్చే తగ్గింపు 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50కి చేరుతుంది, అదీ యజమానికే. కంపెనీ కారును ఎంత జాగ్రత్తగా నడిపినా ఆ మంచిపేరు మీ ఖాతాలో పడదు.

ఇంకో మాట, ఇది వింటే ఊళ్లో వాళ్లే నన్ను తిడతారు. ఎవరిని ఎక్కించుకున్నా డీజిల్ పైసలు తీసుకోకండి. వంద రూపాయలు కూడా. "ఉట్టిగ ఎందుకొస్తం, తీసుకో" అని జేబులో కుక్కుతారు. తీసి వాళ్ల చేతిలో పెట్టండి. తెల్ల నంబరు బండి కిరాయికి తిప్పితే పర్మిటు లేకుండా నడిపినట్టే. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట అడిగే ప్రశ్న అదే. పైసలు తీసుకున్న మరుక్షణం మీరు అన్న కాదు, డ్రైవరు. కందుల బస్తా ఇస్తానంటే కూడా వద్దనండి. పెళ్లికి పిలవమనండి, చాలు.

మా దిక్కు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అంగడి రోజు నిలబడి చూడండి, మన టీఎస్ 15, టీజీ 15 పక్కనే బీదర్ కేఏ 38, నాందేడ్ ఎంహెచ్ 26 బండ్లు కనిపిస్తాయి. సంబంధాలు అటూ ఇటూ ఉన్నాయి, వైద్యానికి సగం మంది బీదరే పోతారు. కంపెనీ కారులో సరిహద్దు దాటితే ఆర్సీ మీద ఇంకెవరిదో పేరు, పక్కన ఆ పేరుగలవాళ్లు ఇచ్చిన లెటరు, దాని మీద తేదీ అయిపోయిందా లేదా అన్న గుబులు. మీ ఆర్సీ, మీ ఇన్సూరెన్సు, మీ లైసెన్సు ఉంటే కన్నడం రాకపోయినా ఫరవాలేదు.

ఆఫీసు పనికి సొంత కారు తిప్పితే కంపెనీ ఖర్చు ఇస్తుంది. అందులో చిన్న ఇంజినుకు నెలకు 1,800, పెద్దదానికి 2,400 దాకా ఆఫీసు వాడకంగా ఒప్పుకునేవారు. అంతకన్నా ఎక్కువ తిరిగామంటే తేదీ, పోయిన ఊరు, కిలోమీటర్లు, ఖర్చు రాసిన పుస్తకం కావాలి, కంపెనీ సర్టిఫికెట్టు కావాలి. ఆ పుస్తకం డాష్‌బోర్డులో పెట్టుకుని ప్రతి ట్రిప్పూ రాయండి. కంగ్టి ట్రిప్పును మాత్రం ఆఫీసు ట్రిప్పుగా రాయకండి, ఒక్క కిలోమీటరైనా. సంగారెడ్డి దాటి, జోగిపేట దాటి, నిజాంపేట దగ్గర 161వ నంబరు హైవే వదిలి ఖేడ్ వైపు తిరిగాక మీరు ఎవరి ఉద్యోగీ కాదు. ఆ దారి మీ సొంత డబ్బుతో రండి.

బండి కొనేలోపే తమ్ముడికి లైసెన్సు తీయించండి. షోరూము వాళ్లు రెండు తాళం చెవులు ఇస్తారు. రెండోదాన్ని పట్నంలో బీరువాలో దాచకండి. కంగ్టిలో, వసారా తలుపు పక్కన, చీకట్లో చెయ్యి చాపితే అందేంత ఎత్తులో మేకు కొట్టి తగిలించండి. శనివారం రాత్రి మీరు అలసి పడుకుంటే, ఎవరో వస్తే, మిమ్మల్ని లేపకుండానే తమ్ముడు తీసుకుని పోతాడు.