చేతికి వయసెంత?

ధర్మపురి జిల్లా హొగెనక్కల్‌లో కావేరి మీద పుట్టి ఎక్కిన పందొమ్మిదేళ్ల కుర్రాడికి తెలియదు గానీ, ఆ పుట్టి గిర్రున తిరిగినట్టే అతని వయసూ తిరుగుతుంది. ఇవతలి గట్టు తమిళనాడు. ఇక్కడ 21 నిండనివాడికి మందు అమ్మకూడదని 2003 నాటి నియమాలు చెబుతాయి. అవతలి గట్టు కర్ణాటక. అక్కడ ఎక్సైజ్ చట్టం 18 అంటుంది, ఆ చట్టం కిందే రాసుకున్న 1967 నాటి నియమాలు 21 అంటాయి. తల్లిదొక మాట, పిల్లదొక మాట. 2023 జనవరిలో అక్కడి ప్రభుత్వం ఈ తగువు తీర్చబోయి, నియమాల్లోనూ 18 చేద్దామని ముసాయిదా తెచ్చింది. జనం గయ్యిమనేసరికి కొద్ది రోజుల్లోనే దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. అందువల్ల నది మధ్యలో ఉన్న కుర్రాడు పెద్దవాడో చిన్నవాడో ఇంకా తేలలేదు. లైఫ్ జాకెట్ మాత్రం ఏ వయసువాడైనా వేసుకోవాల్సిందే.

మద్యం రాష్ట్రాల జాబితాలోని సరుకు కాబట్టి, ఎవరి ఇష్టం వారిది. పుదుచ్చేరిలో 18కే బుద్ధి వికసిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 21 పడుతుంది. అక్షరాస్యతకు పేరుపడ్డ కేరళలో 23, పార్లమెంటు ఉన్న ఢిల్లీలో 25. నిషేధమున్న బీహార్‌లో వందేళ్లు బతికినా రాదు.

ఒకప్పుడు ధర్మపురికి ఇంత లెక్క లేదు. అప్పటి పేరు తగడూరు, రాజు అదియమాన్. కల్లు కొంచెమే దొరికినా తనకిచ్చేవాడని కవయిత్రి అవ్వైయార్ ఆయన మరణం మీద పాడుకున్న పాట ప్రాచీన తమిళ సంకలనం పురనానూరులో ఉంది. జనం ఊహలో ఆమె తలనెరిసిన అవ్వ. అయినా రాజు జాగ్రత్తపడి పుట్టినతేదీ పత్రం అడిగిన దాఖలా లేదు.

వయసు గొడవ ఎలా మొదలైందో తెలియాలంటే 1950లో పుట్టిన ఓ ధర్మపురి తాతను ఊహించుకోవాలి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపమొస్తే కన్నడం మాట్లాడే తాత. పేరక్కర్లేదు.

తాత పుట్టేనాటికే ఇక్కడ చుక్క దొరకదు. హోసూరు దగ్గరి తొరపల్లిలో పుట్టిన రాజాజీ మద్రాసు ప్రధాని అయ్యాక, 1937 అక్టోబరు 1న మద్యనిషేధాన్ని మొట్టమొదట సేలం జిల్లాలోనే పెట్టారు. ధర్మపురి అప్పుడు సేలంలో భాగం. మరుసటి ఏడాది ఆ నిషేధం మన చిత్తూరు, కడప జిల్లాలకూ వచ్చింది. యుద్ధకాలంలో కాస్త సడలినా, 1948కల్లా మద్రాసు రాష్ట్రమంతా బిగిసింది. తాతకు పదిహేనేళ్లప్పుడు ధర్మపురి విడిగా జిల్లా అయింది. ముహూర్తం కూడా భలే కుదిరింది: 1965 అక్టోబరు 2, గాంధీ జయంతి.

తాతకు 21 నిండింది 1971లో. ఆ ఏడాదే ఆగస్టు 30న కరుణానిధి ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. తన పుట్టినరోజు కానుక అనుకున్నాడు తాత. వద్దని బతిమాలడానికి 92 ఏళ్ల రాజాజీ వానలో కరుణానిధి ఇంటికి వెళ్లారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 92 ఏళ్లాయన మాట ఓడింది, 21 ఏళ్లాయన దాహం గెలిచింది.

గెలుపు మూడేళ్లే. 1973లో కల్లు దుకాణాలు, 1974లో సారా దుకాణాలు మూతపడ్డాయి. 21కి మేజరైన తాత 24కి మళ్లీ మైనరయ్యాడు. ఎంజీఆర్ హయాంలో 1981లో తలుపులు తెరుచుకునేసరికి 31 ఏళ్ల తండ్రిగా రెండోసారి మేజరయ్యాడు. 33వ ఏట మందు టోకు వ్యాపారానికి సర్కారు సంస్థ టాస్మాక్ పుట్టింది. 37వ ఏట, 1987లో, కల్లు మళ్లీ నిషిద్ధమైంది. చెట్టు మీంచి దిగేది నేరం, ఫ్యాక్టరీ నుంచి లారీలో దిగేది ఆదాయం. 53వ ఏట, 2003లో, చిల్లర కొట్టులో కూడా సర్కారే కూర్చుంది.

తాత ఎప్పుడు తాగొచ్చో తేల్చింది తాత పుట్టినతేదీ కాదు, ఖజానా ఆకలి. ఆ ఆకలికీ ఓ జాతకం ఉంది.

నిషేధంతో పోయిన రాబడి పూడ్చడానికి రాజాజీ 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. కల్లు పోయింది, పన్ను వచ్చింది. న్యాయంగా మందు తిరిగొచ్చిన రోజున పన్ను మూట సర్దుకుని వెళ్లిపోవాలి. ఇంటల్లుడు వెళ్తాడా? ఇది అంతే. 2007లో వ్యాట్ అని పేరు మార్చుకుని ఇక్కడే స్థిరపడింది. 2023-24లో టాస్మాక్ నుంచి తమిళనాడుకు వచ్చిన రాబడి 45,855 కోట్లు. అందులో ఎక్సైజ్ సుంకం పది వేల కోట్ల పైచిల్లర, మిగిలిన 35 వేల కోట్లూ వ్యాటే. తాగుడు మానిపించిన ఇంటికి ఆసరాగా వచ్చిన పన్ను, ఇప్పుడు తాగేవాడి జేబులోనే కాపురముంది.

ఈ కాపురాన్ని చూసుకునే శాఖ పేరు ‘మద్యనిషేధం, ఎక్సైజ్’. ఎడమచేత్తో ఆపుతుంది, కుడిచేత్తో వసూలు చేస్తుంది. మద్యం దేశానికీ, ఇంటికీ, ప్రాణానికీ కీడని చాలాకాలం సీసా మీదే అచ్చేసి మరీ అమ్మింది. 2016లో జయలలిత తొలి సంతకాల్లో 500 దుకాణాల మూసివేత ఒకటి. ఉదయం పదికి తెరిచే కొట్టు మధ్యాహ్నం పన్నెండుకు మారిందీ అప్పుడే. ఆ ఏడాది చివర్లో, పీఎంకే పార్టీ న్యాయవాది కె. బాలు వేసిన కేసులో, హైవేలకు 500 మీటర్లలోపు మద్యం దుకాణాలు ఉండకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ధర్మపురి బెంగళూరు హైవే మీది ఊరు. ఎన్ని మీటర్లని టేపు పెట్టి కొలవచ్చు కాబట్టి కొలిచారు. ఎన్నేళ్లని కొలిచే టేపు మాత్రం కౌంటర్లో లేదు.

కౌంటరంటే ఇనపకమ్మీల తలుపు, మధ్యలో చెయ్యి పట్టేంత కంత. జనం తోసుకుంటుంటే ముఖాలు వెనకాల ఉండిపోతాయి, చేతులే ముందుకెళ్తాయి. నోటు నలిపి పట్టుకున్న చెయ్యి లోపలికి, సీసా పట్టుకున్న చెయ్యి బయటికి. చేతికి మీసం మొలవదు, గొంతు మారదు. పందొమ్మిదేళ్ల చేతికీ, ఇరవైరెండేళ్ల చేతికీ తేడా చెప్పాలంటే హస్తసాముద్రికుణ్ణి కొలువులో పెట్టుకోవాలి.

తాత పాతకాలం మనిషి. ఓ సాయంత్రం మోకాళ్లు పట్టేసి, పదహారేళ్ల మనవణ్ణి పిలిచి, “ఏరా, టాస్మాక్ కడదాకా పోయొస్తావా?” అన్నాడు.

“పోతే నీకు ఏడేళ్లు పడతాయి తాతా.”

మనవడు వెటకారమాడలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, 18 నిండని పిల్లలకు మందు ఇచ్చినా, వాళ్లచేత తెప్పించినా ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. రాజాజీనీ, కరుణానిధినీ, ఎంజీఆర్‌నూ తట్టుకుని నిలబడ్డ తాత మొదటిసారి మనవడి ముందు నోరు మూసుకున్నాడు. చెప్పులేసుకుని తానే బయల్దేరాడు.

ఈ రాష్ట్రంలో మందు కొనేవాడి వయసుకు సర్కారు సరైన గౌరవమిచ్చింది ఒకేసారి, కరోనా లాక్‌డౌన్‌లో. 2020 మే 7న దుకాణాలు తెరుస్తూ వేళలు వయసువారీగా పంచింది: యాభై దాటినవారికి పది నుంచి ఒంటిగంట దాకా, నలభై నుంచి యాభై వారికి ఒంటిగంట నుంచి మూడు దాకా, నలభై లోపువారికి మూడు నుంచి అయిదు దాకా. పెద్దలకు ముందు వడ్డించడం మన సంప్రదాయం. డెబ్బై ఏళ్ల తాత మొదటి పంక్తిలో, మొదటిసారి తన వయసు చూసి గర్వపడుతూ నిలబడ్డాడు. మర్నాడే మద్రాసు హైకోర్టు దుకాణాలు మూయమంది. వారానికి సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, మళ్లీ తెరిచారు.

ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండు. ఏదో ఒక ఊళ్లో, ఏదో ఒక కడ షట్టరు లేచింది. కమ్మీల కంతలోకి ఓ చెయ్యి వెళ్లింది. లోపలివాడు తలెత్తకుండానే అడిగాడు:

“చిల్లరుందా?”