రాకెట్ సారు

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దిగి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు. జనం అక్కడికి పుస్తకాల కోసం వస్తారు. రాకెట్ సారు కాగితం కోసం వస్తారు. కాగితం మడిచి రాకెట్ చేసే విద్యలో తనను మించినవాడు మూసీకి ఈ పక్కన లేడని ఆయన నమ్మకం. "మరి ఆ పక్కన సార్?" అంటే కాసేపు ఆలోచించి, "ఆడ కూడా లేడు" అంటారు.

ఏ కాగితం ఇచ్చినా బొటనవేలితో రుద్ది తీర్పు చెప్పేస్తారు. న్యూస్ పేపరుకి నడుము నిలవదు. శుభలేఖకి ఒళ్ళెక్కువ. కోచింగ్ సెంటర్ కరపత్రం నున్నగా మెరుస్తుంది గానీ మడత పట్టదు. "వాళ్ళిచ్చే ర్యాంకులూ అంతే" అని ఒక చురక. ఆయన దృష్టిలో జిరాక్స్ షాపులో దొరికే 80 జీఎస్ఎం ఏ4 ఒక్కటే కాగితం, తక్కినదంతా చిత్తు. సారు దూరంగా కనిపిస్తే చాలు, పుస్తకాలమ్మే కుర్రాడు అట్టలూడిన గైడ్లను గోనెపట్టా కిందికి తోసేస్తాడు.

ఇక మడత మొదలైతే చేతికంటే నోరు ముందు పరుగెత్తుతుంది. కాగితాన్ని నిలువునా సగానికి మడిచి విప్పుతారు. పై మూలలు రెండూ నడిమి గీతకి ఆనిస్తారు. ప్రత్యేకం ఇందుకోసమే పెంచిన చిటికెనవేలి గోరు, మడత మీద ఈ కొస నుంచి ఆ కొసకి సర్రున సాగుతుంది. "బరువు ముక్కులో ఉండాలె బేటా. లేకుంటే తల పైకెత్తి, గాల్లో ఆగి, ధబ్బున పడ్తది. రెక్కలు కొంచెం మీదికి. ఎనక అంచు వెంట్రుకవాసి పైకి. అప్పుడు సక్కగ పోతది." ఇదంతా అక్షరాలా నిజం. సారు శాస్త్రానికి వంక పెట్టలేం. చిక్కల్లా విసిరాకే వస్తుంది.

విసిరిన రాకెట్ నాలుగడుగులు పోయి మిర్చి బజ్జీల బండి ముందు సాష్టాంగపడుతుంది. సారు ముఖంలో రవ్వంత కలవరం ఉండదు. "ఇప్పుడే సిటీ బస్సు పోయింది, సూడలే? ఆ గాలి." నాంపల్లి స్టేషన్ ముందు పడితే ఆటోల పొగకి గాలి చిక్కబడిందంటారు. పబ్లిక్ గార్డెన్స్‌లో పడితే చెట్లెక్కువంటారు. జనవరిలో నుమాయిష్ మైదానంలో పడితే తప్పు జనం ఊపిరిది. "1938ల నుమాయిష్ పబ్లిక్ గార్డెన్స్‌లనే మొదలైంది. అప్పుడు జాగా ఎంత ఖాళీ!" అని నిట్టూరుస్తారు. అప్పటికి సారు నాన్నగారికి పెళ్ళి కూడా కాలేదు.

ఓసారి చాయ్ కుర్రాడొకడు గ్లాసుల స్టాండు కింద పెట్టి, సారు పనికిరాదని పారేసిన కరపత్రం తీశాడు. వంకరటింకరగా మడిచి, ముక్కు మీద "హా" అని ఊది వదిలాడు. అది జీపీఓ వైపు తిరిగి, ట్రాఫిక్ పోలీసు టోపీ మీదుగా రోడ్డు దాటింది.

"ఊదుడెందుకురా?" అన్నారు సారు.

"ఊదకపోతే పోదు సార్."

"సూత్రం లేదు. లక్కు" అని తేల్చేసి, సారు ఇంకో కాగితం అడిగారు.

మన చుట్టూ ఈ జాతికి కొదవ లేదు. ఆఫీసుల్లో వీళ్ళు ప్లాన్లు గీస్తారు, పెళ్ళిళ్ళలో వంటవాళ్ళకి పాళ్ళు చెబుతారు, అరుగు మీద కూర్చుని క్రికెట్ టీమును ఎంపిక చేస్తారు. మడత ఎప్పుడూ వాళ్ళది, తప్పు ఎప్పుడూ గాలిది. అయినా వీళ్ళంటే కోపం రాదు. ఓడిపోవడం తెలియనివాళ్ళతో పేచీ ఎలా పెట్టుకుంటాం?

2022 డిసెంబరులో అమెరికాలోని ఇండియానాలో బోయింగ్ ఇంజనీర్లు ఏ4 కాగితంతో చేసిన రాకెట్ 88.318 మీటర్లు పోయి ప్రపంచ రికార్డు కొట్టిందని ఎవరో సారుకి చెప్పారు. సారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"బయట ఇసిరిన్రా, లోపలనా?"

"లోపలే సార్."

"గదే మరి. తలుపులేసుకుని ఎవడైనా ఇసురుతడు. సాయంత్రం ఆరింటికి ఆబిడ్స్ చౌరస్తాకి రమ్మను, సూద్దాం."