బృహద్ధమని ఆపరేషనా? కిడ్నీల ఊసెత్తకండి

పొట్టలో పెద్ద రక్తనాళం ఉబ్బింది, 5.5 సెంటీమీటర్లు దాటింది, ఆపరేషన్ తప్పదన్నారు. శుభం. ఇక మీ ధ్యాసంతా ఆ ఉబ్బు మీదే పెట్టండి. కిడ్నీలకు రక్తం తెచ్చే ధమనులు చీలేది సరిగ్గా ఆ నాళం నుంచేనన్నది డాక్టర్ల గొడవ, మనకెందుకు?

రిపోర్టులో క్రియాటినిన్ 1.2 అని ఉండి, పక్కన చుక్క గుర్తు లేకపోతే ఫైలు మూసెయ్యండి. కిడ్నీల పని సగానికి పడిపోయినా ఆ అంకె మామూలుగానే కనిపించొచ్చు. కండ కరిగిపోయిన బక్కపలచని పెద్దాయన ఒంట్లో అయితే మరీ ముచ్చటగా కనిపిస్తుంది. అంత మర్యాదస్తురాలైన అంకెను శంకించడం పాపం. వయసు కూడా కలిపి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ చూద్దాం, మూత్రంలో ఆల్బుమిన్ పోతోందేమో చూద్దాం అని ఎవరైనా అంటే, "ఇవన్నీ బిల్లు పెంచే టెస్టులండీ" అనండి. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా వత్తాసు పలుకుతారు.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడుగుతారు. బీపీ మాత్ర, షుగర్ మాత్ర చెప్పి ఊరుకోండి. చొక్కా జేబులో నాలుగు గుంటలు ఖాళీ అయిన డైక్లోఫెనాక్ షీటు మందు కిందికి రాదు. అది మోకాళ్ల మీద జాలితో మెడికల్ షాపు కుర్రాడు ఇచ్చింది. సీటీ యాంజియో రోజు పొద్దున్నే ఇంకోటి వేసుకోండి, నీళ్లు మాత్రం ముట్టకండి. నరంలోకి ఎక్కించే కాంట్రాస్టు, ఎండిన ఒళ్లు, నొప్పి మాత్ర మూడూ ఒక్కపూట కలిసే యోగం రోజూ పట్టదు.

ఆ మర్నాడే ఆపరేషన్ పెట్టమని పట్టుబట్టండి. మూఢం వచ్చేస్తోంది మరి. నాళం చిట్లితే ఆగే వీలుండదు. మీది చిట్లలేదు కాబట్టి, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసి, నీరు పట్టించి, తేదీ వేద్దామంటాడు సర్జను. పంచాంగం తెలియని మనిషి, ఏం చేస్తాం!

మీది ఉద్దానం అయితే ఊరి పేరు దాచండి. కవిటి, సోంపేట అని నోరు జారారో, బీపీ, షుగర్ లేకుండానే అక్కడ కిడ్నీలు పాడవుతాయని తెలిసిన డాక్టరు అన్నీ తవ్వడం మొదలుపెడతాడు.

థియేటర్లో ఏం చేస్తారో అడక్కండి. ఉబ్బు పైదాకా పాకి ఉంటే క్లాంపు కిడ్నీ ధమనులకు పైన వెయ్యాలి. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు అందుకునే అవయవాలకు, కొత్త గొట్టం కుట్టేదాకా ధార ఆగిపోతుంది. అందుకే కొందరు సర్జన్లు చల్లటి ద్రవం ఎక్కించి వాటిని కాపాడుకుంటారు. బాగున్న కిడ్నీలు ఆ దెబ్బ తిన్నా చాలావరకు తేరుకుంటాయి. ముందే అరిగినవి డయాలసిస్ అడుగుతాయి. ఎవరికి అది అవసరమవుతుంది, ఎవరు అసలు ఇంటికి రారు అని ముందే చెప్పే పెద్ద గుర్తుల్లో ఈ అరుగుదల ఒకటి. అబ్బే, ఇవన్నీ వింటే నిద్ర పట్టదు. కోత లేకుండా తొడలోంచి స్టెంటు పెడతామంటే మాత్రం సంబరపడండి. అక్కడా కాంట్రాస్టు వాడతారని ఎవరు గుర్తుచేసినా వినకండి.

ఐసీయూలో మంచం పక్కన మూత్రం సంచీ వేలాడుతుంటుంది. నర్సమ్మ గంట గంటకూ వంగి, గీతల దగ్గర చూసి రాసుకుంటుంది. 60 కేజీల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్ల కన్నా తగ్గుతూ వస్తే ఫోన్లు మొదలవుతాయి. ఈ హడావుడికి బంధువులు బెదరకూడదు. సెక్యూరిటీ అతను అటు తిరగ్గానే సీసాలో కొబ్బరినీళ్లు లోపలికి చేరవెయ్యండి. చలువ చేస్తుంది, మూత్రం జారీ అవుతుంది అని మేనత్త ఎప్పుడో చెప్పింది. కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుందనీ, కిడ్నీలు మొరాయించిన ఒంట్లో అది పేరుకుని గుండె లయ తప్పిస్తుందనీ డ్యూటీ డాక్టరు అరుస్తాడు. అరవనివ్వండి. పరామర్శకు వచ్చిన అల్లుడు వట్టి చేతులతో నిలబడితే చూసేవాళ్లకు బాగుంటుందా?