పేరు వేరు, పెట్టె ఒకటి: జావా వేరియబుల్‌కు టీకా తాత్పర్యం

ఆ.వె.
పేరు వేరు వేరు పెట్టె యొక్కటియైన
చేయి పెట్ట నొకరు చెడును రెండు
సున్న కన్న కటిక శూన్యమ్ము నల్లురా
తడిమి చూడకున్న తంట వచ్చు

అవతారిక: 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు లోకానికి విడిచిన జావా భాషలో వేరియబుల్ స్వరూపం తెలియక, అర్ధరాత్రి దాకా డీబగ్గింగ్‌లో వేగుతున్న ఫ్రెషర్‌కు టీమ్ లీడ్ ఉపదేశించుచున్నాడు.

ప్రతిపదార్థం: పేరు వేరు వేరు = వేరియబుళ్లు రెండైనను; పెట్టె ఒక్కటియైన = ‘న్యూ’ అనగా హీప్‌లో పుట్టిన ఆబ్జెక్టు ఒకటే అయినచో; చేయి పెట్టన్ ఒకరు = ఒక పేరు పట్టుకొని లోపలి విలువ మార్చగా; చెడును రెండు = రెండవ పేరుతో చూసినా మారినదే కనబడును; తడిమి చూడకున్న = పేరు ఏ పెట్టెనూ చూపని నల్ అయినదేమో అని ‘ఇఫ్’ పెట్టి పరీక్షింపకున్న; తంట = నల్ పాయింటర్ ఎక్సెప్షన్; వచ్చు = వచ్చును, అదియు క్లయింట్ డెమోలో.

తాత్పర్యం: ‘ఖాతా రమ = న్యూ ఖాతా(500); ఖాతా ఉమ = రమ;’ అని రాసితిమి. ఉమకు కొత్త ఖాతా తెరిచినట్టు తోచును గాని, అందినది రమ ఖాతా జాడ మాత్రమే. ‘ఉమ.తీయు(200)’ అనగానే రమ నిల్వ 300కు దిగును. ఇంట్, బూలియన్ మొదలగు ఎనిమిది ప్రిమిటివ్ జాతులకు ఈ పీడ లేదు. వాటిలో విలువే కాపురముండును గనుక విలువే కాపీ అగును.

శంక: రమకు ‘ఫైనల్’ ముద్ర వేసిన నిల్వ కదలదు గదా? సమాధానం: కదలును. ముద్ర పేరుకే గాని పెట్టెకు కాదు. రమ మరొక ఖాతాను చూపజాలదు, అంతే.

విశేషం: ఇంటీజర్ పెట్టెలు రెండింటిలో 127 వేసి ‘==’తో పోల్చిన ఒకటే అనును; 128 వేసిన కాదనును! లాక్షణికులు దీనిని విరోధాభాసమందురు, టెస్టర్లు బగ్ అందురు. -128 నుండి 127 వరకు పెట్టెలను జావా ముందే చేసిపెట్టుకొని అవే మళ్లీ ఇచ్చును, ఆపైన మామూలుగా కొత్త పెట్టె. ‘==’ చూచునది ఒకే పెట్టెయా అని; లోపలి సరుకు చూచునది ‘ఈక్వల్స్’.

మూడవ పాదం: సున్నకు కూడిక చెల్లును, నల్‌కు ఏమియు చెల్లదు. 1965లో దీనిని సృష్టించిన టోనీ హోర్ మహాశయుడే 2009లో ఇది తన బిలియన్ డాలర్ల పొరపాటని ఒప్పుకొనెను. అయినను విలువ ఇయ్యని ఆబ్జెక్టు ఫీల్డులో నేటికీ నల్లే కూర్చుండును.

పాఠాంతరం: ‘తడిమి’కి మారుగా ‘మింగి’ అని కొందరు, అనగా ఎక్సెప్షన్‌ను క్యాచ్ చేసి కిమ్మనకుండుట. రిలీజ్ ముందురోజు ఈ పాఠానికే ప్రచారమెక్కువ. ఇందు యతి చెడును, కోడూ చెడును, గ్రాహ్యం కాదు.

కోట్లిన్‌లో రకం పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టనిదే వేరియబుల్‌లో నల్ వేయనివ్వరు. కావున ఆ భాషవారు నాలుగవ పాదాన్ని పారాయణం చేయకున్నను పెద్ద దోషం లేదు.