జావళీలు కట్టే పెద్దమనిషికి కొన్ని జాగ్రత్తలు

విక్టోరియా రాణిగారి ఏలుబడిలో తాలూకా కచేరీలో గుమాస్తాగిరీ చేస్తూ, రాత్రిళ్ళు శృంగారపు జావళీ పాటలు కట్టే మగమహారాజువా? అయితే ఇది నీ కోసమే, నాయనా. పగలు జమాబందీ లెక్కలు, రాత్రి విరహం. రెండూ ఒకే సిరాబుడ్డితో రాసుకోవచ్చు. ఒకే కాగితం మీద మాత్రం వద్దు, దొర చూస్తాడు.

ముందు ప్రయాణం సంగతి. మన పాకాలకు కొత్తగా రైలొచ్చింది, జంక్షను కూడా చేశారు. పెద్దమనుషుల సౌకర్యం కోసమే చేశారని నా నమ్మకం. మదనపల్లె వైపు నుంచి వస్తున్నావనుకో. ఇంట్లో తిరుపతికని చెప్పు. పాకాలలో దిగు. తిరుపతి బండి ఒక దిక్కు, కాట్పాడి బండి ఇంకో దిక్కు. నుదుటి నామం చెరక్కుండా కాట్పాడి బండెక్కెయ్. అక్కడ మారితే మద్రాసే. గుండు ఏదని ఇంట్లో అడిగితే, మొక్కు వచ్చే ఏటికి వాయిదా పడిందను. స్వామి ఏమీ అనుకోడు, ఆయనకూ ఇద్దరు.

జావళీలో మాట్లాడేది చాలా మట్టుకు నాయికే. అలిగేదీ, అలమటించేదీ, చెలికత్తెతో మొర పెట్టుకునేదీ నువ్వే. మగతనం పోతుందని బెంగ పెట్టుకోవద్దు. ఒక చెయ్యి మీసం మీద ఉంచి, రెండో చేత్తో రాయి. ఇంట్లో ఇల్లాలు నిజంగానే ఏడిస్తే అందులో రాగం ఉండదు కాబట్టి నువ్వు వినక్కర్లేదు.

పాటలో సంతకంలా వేసే ముద్ర విషయంలో తొందరపడకు. మన కార్వేటినగరం సారంగపాణి గడుసువాడు. పదాలకు వేణుగోపాల ముద్ర వేశాడు, పద్దంతా దేవుడి ఖాతాలో పడింది. ధర్మపురి సుబ్బరాయర్‌ను చూడు. హోసూరులో సర్కారు కొలువు, జావళీల్లో ఊరి పేరే ముద్ర. చిరునామా రాసిచ్చినట్టే కదా! పరజు రాగంలో ఆయన కట్టిన 'స్మరసుందరాంగుని' వీణ ధనమ్మాళ్ స్నేహంలోంచి పుట్టిందని సంగీతంవాళ్ళు చెప్పుకుంటారు. అంత స్నేహం ఉన్నా ఫరవాలేదు, అంత కృతజ్ఞత పనికిరాదు.

సంస్కర్తలతో పేచీ వద్దు. 1893లో మద్రాసు సంస్కర్తలు భోగంమేళాలు పెట్టే విందులకు వెళ్ళవద్దని వైస్రాయికీ గవర్నరుకూ అర్జీ పెట్టారు. తాము చూసిన మేళాల్లో తప్పేమీ కనబడలేదని దొరలు బదులిచ్చారు. కాబట్టి అర్జీ మీద సంతకం పెట్టు, విందులో ముందు వరసలో కూర్చో. ఈ విద్యలో 'కన్యాశుల్కం' నాటకంలోని గిరీశాన్ని మించినవాడు లేడు. ఆ నాటకం 1892లోనే ఆడారు. మళ్ళీ ఎక్కడైనా ఆడితే వెళ్ళి శ్రద్ధగా నేర్చుకో. చుట్టూ జనం ఎందుకు నవ్వుతున్నారో పట్టించుకోకు.

ఎవరైనా నిలదీస్తే నేరం నీ జావళీ పాడే భోగంమనిషి మీదికి నెట్టెయ్. రాబోయే కాలమూ నీ పక్షమే. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ, కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికాసాంత్వనం' అచ్చు వేయిస్తుంది, మరుసటేడే సర్కారు నిషేధిస్తుంది. ఆడది శృంగారం రాస్తే బూతు, నువ్వు ఆడదానివై రాస్తే సాహిత్యం. 1947లో దేవదాసీల చట్టం వస్తుంది. ఆడపిల్లల్ని గుడికి అంకితమివ్వడం నేరం, గుళ్ళో వాళ్ళ ఆట నిషేధం. వాళ్ళ గుమ్మాలు తొక్కిన పెద్దమనుషుల ఊసు అందులో ఉండదు. చట్టాలు రాసేదీ మనలాంటి వాళ్ళే కదా.

పోయాక నీ జీవితచరిత్ర రాసేవాడికి ఇప్పుడే చెప్పి ఉంచు: భక్తుడు, మితభాషి, ఏకపత్నీవ్రతుడు. మద్రాసు ప్రయాణాలు వైద్యం కోసం.

ఒక్క చోట మాత్రం నా చిట్కాలు పారవు. నీ జావళీలను నీ కొడుకులు దాచిపెట్టరు. సుబ్బరాయర్ జావళీలను లోకానికి వినిపించబోయేవాళ్ళు ధనమ్మాళ్ మనవరాళ్ళు. బృంద, ముక్త పాడతారు, బాలసరస్వతి అభినయిస్తుంది.